రన్‌వే ఆనవాళ్ళు: ఫొటో చూసి విమానాశ్రయం ఏ ఊరిదో చెప్పగలమా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే పలాస, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో, పని కోసం దూరదేశం పోయినవాళ్ళు లేని ఊరు అరుదు. దుబాయి, దోహా, మస్కట్, కువైట్, ఇటు అండమాన్. ఉద్దానం కుర్రవాళ్ళు ఇంటికి పంపే మొదటి ఫొటో చాలాసార్లు విమానం కిటికీలోంచి తీసిందే అయి ఉంటుంది. రెక్క అంచు, కింద బూడిదరంగు నేల, తెల్లటి గీతలు, దూరంగా ఒక అద్దాల భవనం. ఊరి పేరు ఎక్కడా ఉండదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అయితే తీసిన చోటు వివరం కూడా దారిలోనే చెరిగిపోతుంది. కొన్నేళ్ళకు ఫోను మారుతుంది, మనిషి ఇంకో దేశానికి మారతాడు. ఆ ఫొటో ఏ ఊరిదో తీసినవాడికే గుర్తుండదు.

చిన్నా పెద్దా కలిపి ప్రపంచంలో 40 వేలకు పైగా విమానాశ్రయాలు, ఎయిర్‌స్ట్రిప్పులు ఉన్నాయి. అందులో ఒకటి ఫొటోలో కనబడితే అది ఫలానా ఊరిదని తేల్చడం ఎలా? యుద్ధకాలపు గూఢచారుల దగ్గర నుంచి నేటి ఉపగ్రహ నిపుణుల దాకా ఎందరో ఈ ప్రశ్న మీద పనిచేశారు. ఆ పద్ధతులన్నీ వరసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. విమానాలు, టెర్మినల్ భవనాలు చెప్పేది తక్కువ. ఆ చోట వీచే గాలీ, ఆ చుట్టూ ఉన్న నేలా చెప్పేది ఎక్కువ. ఆ రెండింటినీ బాగా ఎరిగినవాళ్ళు అక్కడ బతికినవాళ్ళే.

రన్‌వే కొస మీద తెల్లరంగుతో రాసే రెండంకెలు మొదటి ఆనవాలు. అయస్కాంత ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కిస్తూ పోతే రన్‌వే ఎన్ని డిగ్రీల దిక్కుకు సాగుతుందో చూస్తారు. దాన్ని దగ్గరి పదికి సవరించి చివరి సున్నా తీసేస్తారు. తూర్పు 90 డిగ్రీలు కనుక 09. పడమర 270 కనుక 27. ఒకే పట్టీకి రెండు కొసల్లో రెండు అంకెలు. వాటి మధ్య తేడా ఎప్పుడూ 18. పక్కపక్కనే రెండు రన్‌వేలుంటే ఎడమ, కుడి తెలిసేలా ఎల్, ఆర్ అక్షరాలు చేరుస్తారు. అమెరికాలో ఒంటి అంకెకు ముందు సున్నా రాయరు. అంటే 09కు బదులు వట్టి 9 కనిపిస్తే ఆ ఫొటో అమెరికాది అయ్యే అవకాశం బాగా ఎక్కువ.

ఆ అంకెల వెనక ఉన్నది గాలి. విమానం గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. అందువల్ల ఆ చోట ఏడాదిలో ఎక్కువ కాలం వీచే గాలి ఎటు నుంచి వస్తుందో చూసి రన్‌వే వేస్తారు. పర్షియన్ గల్ఫ్‌లో వాయవ్యం నుంచి వీచే గాలిని అక్కడివాళ్ళు షమాల్ అంటారు. దుబాయి రన్‌వేలు 12, 30. దోహాలో హమద్ విమానాశ్రయం రన్‌వేలు 16, 34. కువైట్‌లో 15, 33. మూడూ వాయవ్యం వైపు చూస్తున్నవే. మస్కట్ ఆ గల్ఫ్‌కు వెలుపల, ఒమన్ తీరంలో ఉంది. అక్కడ 08, 26. గల్ఫ్ నుంచి వచ్చిన ఫొటోలో 30, 33 లాంటి అంకె కనిపిస్తే మస్కట్‌ను మొదటే పక్కన పెట్టవచ్చు.

మన తీరంలో లెక్క వేరు. శ్రీకాకుళం జిల్లా తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాల పేర్లలోనే గాలి దిక్కు ఉంది. రాజమహేంద్రవరం మధురపూడి రన్‌వే 05, 23. విశాఖపట్నం పాత రన్‌వే కూడా 05, 23. బంగాళాఖాతం ఆవలి ఒడ్డున పోర్ట్‌బ్లెయిర్‌ది 04, 22. అయితే విశాఖలో ఇప్పుడు పెద్ద విమానాలు దిగేది ఆ పాత రన్‌వే మీద కాదు. 3,050 మీటర్ల కొత్త రన్‌వే 10, 28 దిక్కుగా 2007లో వాడకంలోకి వచ్చింది. కనుక విశాఖ విమానాశ్రయాన్ని పైనుంచి తీసిన ఫొటోలో పొడవాటి రన్‌వే లేకపోతే అది 2007కు ముందరిదని చెప్పేయవచ్చు. చోటు చెప్పిన ఆనవాలే కాలాన్ని కూడా చెబుతుంది.

అంకెలు కలకాలం ఉండవు. భూమి అయస్కాంత ధ్రువం కదులుతున్న కొద్దీ రన్‌వే కదలకపోయినా దాని సంఖ్య మారుతుంది. లండన్ దగ్గరి స్టాన్‌స్టెడ్‌లో 2009లో 05, 23 కాస్తా 04, 22 అయింది. జెనీవాలో 2018లో సరిగ్గా అదే మార్పు. అమెరికాలో టాంపా విమానాశ్రయం 2011లో అంకెలు మార్చుకుంది. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే, అదీ మెల్లగా మారుతుంది. ఇక్కడ ఆ బెడద తక్కువ.

అంకె దొరికితే పని అయిపోయినట్టు కాదు. బేగంపేట 09, 27. శంషాబాద్ 09, 27. పుట్టపర్తి 09, 27. విజయవాడ గన్నవరం, తిరుపతి రేణిగుంట రెండూ 08, 26. ప్రపంచమంతటా రన్‌వేలు 36 అంకెల్లోనే సర్దుకోవాలి కనుక ఒక్కో జత కింద వేల ఊళ్ళు వస్తాయి. అంకె చేసే పని వెతుకులాటను కుదించడమే. తరువాతి గీతలు ఇంకొంచెం కుదిస్తాయి. రన్‌వే మొదట్లో పియానో మెట్లలా కనిపించే తెల్లపట్టీలు వెడల్పును చెబుతాయి: 12 ఉంటే 45 మీటర్లు, 16 ఉంటే 60 మీటర్లు, 8 ఉంటే 30. విమానాలు నడిచే దారుల గీతలు పసుపు, రన్‌వే గీతలు తెలుపు. పెద్ద ఎక్స్ గుర్తు వేసి ఉంటే ఆ రన్‌వే మూసేశారని అర్థం. టైర్ల రబ్బరు నల్లగా ఎక్కువ పేరుకున్న కొస ఏదో చూస్తే విమానాలు ఎటు నుంచి ఎక్కువగా దిగుతున్నాయో, అంటే గాలి ఎటు నుంచి ఎక్కువగా వస్తోందో తెలుస్తుంది.

ఫొటోను అద్దంలోలా తిరగేసి ఉంచడం కూడా మామూలే. ముందు కెమెరాతో తీసినప్పుడో, ఎవరో సరదాకు మార్చినప్పుడో ఎడమ కుడవుతుంది. రెక్క మీది అక్షరాలు చదవగలిగితే ఆ అనుమానం తీరిపోతుంది.

ఇక నేల. గన్నవరానికీ రేణిగుంటకూ అంకెలు ఒకటే అయినా రెండింటినీ కలగాపులగం చేయడానికి వీల్లేదు. రేణిగుంట ఫొటోలో ఉత్తరాన శేషాచలం కొండలు గోడలా నిలుస్తాయి. గన్నవరం చుట్టూ కృష్ణా డెల్టా కాలువలు, చదునైన పొలాలు. మంగళూరు, కోళికోడ్ రన్‌వేలు కొండ నెత్తిని చదును చేసి వేసినవి. అంచుల్లో ఎర్రటి మట్టి, ఆ తరువాత లోయ. మాల్దీవుల మాలే విమానాశ్రయం అంటే దాదాపు ఒక దీవి మొత్తం రన్‌వేనే. నేపాల్‌లోని లుక్లా రన్‌వే 527 మీటర్లే, అదీ ఏటవాలు. న్యూజీలాండ్‌లోని గిస్‌బోర్న్‌లో రన్‌వేను రైలుపట్టా అడ్డంగా దాటుతుంది. జిబ్రాల్టర్‌లో రోడ్డు దాటేది. 2023లో సొరంగం తెరిచాక వాహనాలు దాని గుండా పోతున్నాయి. ఇలాంటివాటిని ఒక్కసారి చూస్తే మరిచిపోలేం. చిక్కు వచ్చేది నిర్విశేషంగా ఉండే వందలాది మధ్యతరహా విమానాశ్రయాలతోనే.

పోర్ట్‌బ్లెయిర్ గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి. ఈ తీరానికి దానితో చుట్టరికం ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. అక్కడి విమానాశ్రయానికి మూలం రెండో ప్రపంచయుద్ధంలో జపాను ఆక్రమణ కాలం నాటి లంబా లైన్ ఎయిర్‌స్ట్రిప్పు. 1942 మార్చిలో వచ్చిన జపాను సేనలు 1945 దాకా దీవుల్ని పట్టి ఉంచాయి. ఇప్పుడది నౌకాదళంతో కలిసి వాడే విమానాశ్రయం. చుట్టూ పచ్చని కొండలు, దగ్గరలోనే సముద్రం, 2023లో తెరిచిన గవ్వ ఆకారపు కప్పుతో కొత్త టెర్మినల్. ఉద్దానం ఇంట్లో ఉన్న పాత ఫొటోలో పచ్చని కొండల మధ్య 04 లేదా 22 అంకె కనిపిస్తే ముందు అడగవలసింది పోర్ట్‌బ్లెయిర్‌నే. గవ్వ కప్పు ఉందా లేదా అన్నది దాని కాలం.

ఎండ కూడా సాక్ష్యమే. నీడ దిక్కు, నీడ పొడవు తెలిస్తే సూర్యుడు ఆకాశంలో ఎక్కడున్నాడో తెలుస్తుంది. దాన్నిబట్టి ఏ అక్షాంశం, ఏ తేదీ, ఏ వేళ అన్నవి ఒకదానితో ఒకటి సరిపోవాలి. పాఠాల్లో ఉత్తరార్ధగోళంలో మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందని రాస్తారు. అది ఐరోపా లెక్క. ఇచ్ఛాపురం 19 డిగ్రీల అక్షాంశం మీద, కర్కట రేఖకు దక్షిణాన ఉంది. మే మధ్య నుంచి జూలై చివరి దాకా ఇక్కడ మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో అదే సంగతి ఏప్రిల్ చివర మొదలై ఆగస్టు చివర్లో ముగుస్తుంది. దుబాయి, దోహా కర్కట రేఖకు ఉత్తరాన ఉన్నాయి. అక్కడ ఏ రోజూ అలా జరగదు. మే మొదటి వారంలో తీసిన మధ్యాహ్నపు ఫొటోలో నీడ దక్షిణానికి ఉంటే దుబాయి కాదు, విశాఖ కూడా అనుమానమే, పోర్ట్‌బ్లెయిర్ కుదురుతుంది. ఇంత చిన్న సంగతితో మూడు ఊళ్ళు విడిపోతాయి.

రన్‌వేల ఆకారం ఇంకో కథ చెబుతుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. తూర్పు తీరం ఒక్కసారిగా యుద్ధరంగమైంది. ఆ యుద్ధకాలంలో మద్రాసు నుంచి కలకత్తా దాకా విమాన స్థావరాలు వెలిశాయి, ఉన్నవి పెరిగాయి. ప్రకాశం జిల్లా దొనకొండ, గోదావరి డెల్టాలో తాడేపల్లిగూడెం ఆ కాలపువే. తాడేపల్లిగూడెం రన్‌వే ఊరి పక్కన ఇప్పటికీ తిన్నగా పడి ఉంది. విమానాలు లేవు కానీ పైనుంచి చూస్తే దాన్ని మరోలా అనుకోవడం కష్టం. ఒడిశాలో మయూర్‌భంజ్ జిల్లా రసగోవిందపూర్ దగ్గరి అమర్దా రోడ్ స్థావరం పొడవు 11 వేల అడుగులకు పైమాటే.

బ్రిటిష్ వాయుసేన 1942 నాటికి తన బాంబర్ స్థావరాలకు ఒక నమూనా ఖాయం చేసుకుంది. ఒకదాన్నొకటి కోసుకునే మూడు రన్‌వేలు. పెద్దది 2,000 గజాలు, మిగిలిన రెండూ 1,400 గజాలు. చుట్టూ తిరిగే దారి, దాని వెంబడి విమానాలు విడివిడిగా నిలిపే గుండ్రటి గచ్చులు. ఒక్క బాంబుకు అన్నీ పోకూడదని ఆ ఏర్పాటు. ఇంగ్లాండులో ఆ రన్‌వేలు చాలావరకు తవ్వేసి పొలాలు చేశారు, కొన్నిటి మీద కోళ్ళ షెడ్లు వేశారు. అయినా పైనుంచి చూస్తే పైరు రంగులో ఆ త్రికోణం బయటపడుతుంది. గచ్చు కింద గట్టిపడిన నేలలో వేళ్ళు లోతుకు పోవు, ఎండాకాలంలో అక్కడి పైరు ముందు పండుబారుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. విశాఖ పాత రన్‌వే 1,829 మీటర్లు, అంటే సరిగ్గా 2,000 గజాలు. కొలత కలిసినంతనే అది ఆ నమూనా ప్రకారం వేసిందని రాసేయడం తొందరపాటు. ఒక పోలిక దారి చూపుతుంది, రుజువు కాదు. ఈ రంగంలో చాలా పొరపాట్లు అలాంటి ఒంటి పోలికను నమ్మడం వల్లే జరుగుతాయి.

ఫొటో చదవడాన్ని ఒక వృత్తిగా నిలబెట్టింది కూడా ఆ యుద్ధమే. ఇంగ్లాండులోని మెడ్‌మెన్‌హామ్ దగ్గరి ఒక భవనంలో వందలాది మంది భూతద్దాలు, స్టీరియోస్కోపులు పెట్టుకుని శత్రుదేశపు ఫొటోలు చదివేవారు. ఒకే చోటును కొద్ది దూరం తేడాతో రెండుసార్లు తీసి, ఆ జంటను స్టీరియోస్కోపులో చూస్తే ఎత్తుపల్లాలు లేచి నిలబడతాయి. అక్కడ విమానాల విభాగాన్ని నడిపిన కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్ 1943 చివర్లో జర్మనీలోని పీనెముండె విమానస్థావరం అంచున, సముద్రం వైపు వాలిన ఒక పట్టా మీద చిన్న విమానాన్ని గుర్తుపట్టారు. అదే తరువాత లండన్ మీద పడిన వి-1 ఎగిరే బాంబు. చిన్న మచ్చ అంత ఉన్న దాన్ని ఆమె పట్టుకోగలగడానికి కారణం కంటిచూపు ఒక్కటే కాదు. ఆ స్థావరంలో మామూలుగా ఏది ఎక్కడ ఉంటుందో ఆమెకు ముందే తెలుసు.

1960 ఆగస్టు 18న అమెరికా ప్రయోగించిన కరోనా ఉపగ్రహం తీసిన మొట్టమొదటి గూఢచర్య చిత్రం కూడా విమానస్థావరానిదే: సోవియట్ ఈశాన్యపు కొసన, ఆర్కిటిక్ తీరంలో ష్మిడ్ట్ అగ్రం దగ్గరి ఎయిర్‌ఫీల్డు. ఫిల్ము డబ్బాను పారాచూటుతో కిందికి వదిలితే హవాయి దగ్గర గాలిలోనే విమానం పట్టుకుంది. ఆ చిత్రంలో దాదాపు 12 మీటర్ల కన్నా చిన్నదేదీ కనిపించదు. అంటే 45 మీటర్ల వెడల్పు రన్‌వే నాలుగు చుక్కలంత. అంత మసకలోనూ దాన్ని పోల్చగలిగారంటే కారణం ప్రకృతిలో అంత తిన్ననైన, అంత సమానమైన వెడల్పున్న గీత ఉండకపోవడమే.

ఈ చరిత్రలో మన పొరుగున ఒక చోటు ఉంది. కటక్ దగ్గరి చర్‌బతియా. 1962 చైనా యుద్ధం తరువాత సరిహద్దుల ఫొటోలు తీయడానికి అమెరికా యు-2 గూఢచర్య విమానాలకు ఆ స్థావరాన్ని వాడుకోనివ్వడానికి 1963 జూన్‌లో భారత ప్రభుత్వం ఒప్పుకుంది. విమానాలు 1964లో అక్కడికి వచ్చాయి. 2013లో సి.ఐ.ఎ. తన పాత పత్రాలు బయటపెట్టేదాకా ఇది అధికారికంగా వెలుగులోకి రాలేదు. ఇచ్ఛాపురం నుంచి ఒక పూట రైలు ప్రయాణం దూరంలో జరిగిన సంగతి అర్ధశతాబ్దం మరుగున ఉంది.

మోసపుచ్చే పోలికల గురించి వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే నేర్చుకోవలసింది ఎక్కువగా అక్కడే ఉంది. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారే కొరిశపాడు దగ్గర ఒకచోట రన్‌వే అవుతుంది. 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు, మధ్యలో డివైడరు తీసిపెట్టగలిగే ఏర్పాటు. అత్యవసరంలో యుద్ధవిమానాలు దిగడానికి దీన్ని తయారుచేశారు. 2022 డిసెంబరులో, 2024 మార్చిలో వాయుసేన పరీక్షించింది. పైనుంచి తీసిన ఫొటోలో దాన్ని రన్‌వే అన్నవాళ్ళూ రోడ్డు అన్నవాళ్ళూ ఇద్దరూ నిజమే చెప్పినట్టు. దానికి ఎదురు ఉదాహరణ టెక్కలి పక్కన నౌపడ. అక్కడి ఉప్పుమడులు గీత గీసినట్టు తిన్నని గట్లతో, తెల్లటి దీర్ఘచతురస్రాలుగా ఉంటాయి. మసక ఉపగ్రహ చిత్రంలో ఆ పొడవాటి గట్లు ఎయిర్‌స్ట్రిప్పులా భ్రమ కలిగించగలవు. తీరం వెంబడి రొయ్యల చెరువులదీ అదే తీరు. మడుల్లో ఉప్పు ఎండే వేసవిలో తీసిన చిత్రాన్నీ, వానలకు నీళ్ళు నిండిన నెలల్లో తీసిన చిత్రాన్నీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. రన్‌వే రుతువుతో రంగు మారదు.

కళ్ళతో చూస్తూ దిగే పైలట్లే పొరబడిన సందర్భాలు తక్కువేం లేవు. 1953 జూలైలో బి.ఓ.ఎ.సి. కామెట్ విమానం బొంబాయి శాంతాక్రజ్‌కు బదులు పక్కనే ఉన్న జుహులో దిగింది. 1972 సెప్టెంబరులో జపాన్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 అదే పొరపాటు చేసి జుహు రన్‌వే దాటి దూసుకుపోయింది. రెండు విమానాశ్రయాలూ దగ్గరదగ్గరగా, దాదాపు ఒకే దిక్కుకు ఉన్నాయి. 1960 అక్టోబరులో పాన్ యామ్ బోయింగ్ 707 లండన్ హీత్రోకు బదులు నార్తోల్ట్‌లో దిగింది. దానికి విరుగుడుగా ఆ దారిలో ఉన్న రెండు పెద్ద గ్యాసు ట్యాంకుల మీద పైనుంచి చదవగలిగేలా పెద్ద అక్షరాలు రాశారు: సౌతాల్ ట్యాంకు మీద హీత్రోను సూచించే ఎల్.హెచ్., సౌత్ హారో ట్యాంకు మీద నార్తోల్ట్‌ను సూచించే ఎన్.ఓ. 2013 నవంబరులో, అన్ని పరికరాలూ ఉన్న కాలంలో, బోయింగ్ డ్రీమ్‌లిఫ్టర్ అమెరికాలోని విచిటాలో దిగవలసిన స్థావరాన్ని వదిలి జబారా అనే చిన్న విమానాశ్రయంలో దిగింది. దిక్కు కలిసింది, దీపాలు కలిశాయి, చూసే మనసు మిగిలింది పూరించుకుంది. ఫొటో చదివేవాళ్ళకూ ఇదే ప్రమాదం: ముందు ఒక ఊరి పేరు అనుకుని, దానికి సరిపడేవే చూడడం. అనుభవం ఉన్నవాళ్ళు ముందు సరిపడనివే వెదుకుతారు.

యంత్రాలు ఈ పనిలో ఎంతవరకు వచ్చాయి? గూగుల్ పరిశోధకులు 2016లో ప్లానెట్ అనే విధానాన్ని ప్రకటించారు. భూమిని 26 వేలకు పైగా గళ్ళుగా విభజించి, ఫొటో ఏ గడిలోదో యంత్రం ఊహించేలా నేర్పారు. ఎక్కువ ఫొటోలు ఉన్న చోట గళ్ళు చిన్నవి, తక్కువ ఉన్న చోట పెద్దవి. ఆ ఏర్పాటులోనే దాని బలహీనత కూడా ఉంది. పారిస్ వీధికి విడిగా గళ్ళు దక్కుతాయి. పర్యాటకులు రాని తీరప్రాంతం పెద్ద గడిలో కలిసిపోతుంది. తరువాత వచ్చిన కృత్రిమమేధ నమూనాలు దీనికన్నా ఎంతో మెరుగు. అయినా అవి చూసి నేర్చినదాన్నే గుర్తుపడతాయి, చూడని చోటు గురించి కూడా అంతే ధీమాగా జవాబిస్తాయి. ఆ ధీమాను రుజువుగా తీసుకోకూడదు. యంత్రం చెప్పిన పేరును పరీక్షించవలసిన ఊహగా తీసుకుంటే మాత్రం అది గంటల పనిని నిమిషాలకు తగ్గిస్తుంది.

పోల్చి చూడడానికి చిత్రాలకు ఇప్పుడు కొదవ లేదు. ఐరోపా సెంటినెల్-2 ఉపగ్రహాలు 2015 నుంచి 10 మీటర్ల స్పష్టతతో, కొద్దిరోజులకొకసారి ప్రతి చోటినీ ఉచితంగా చూపుతున్నాయి. 2019లో ఎగిరిన మన కార్టోశాట్-3 స్పష్టత పావు మీటరు. హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, 1974లో మొదలైనప్పటి నుంచి, దేశపు నేలను పైనుంచి చదివే పనికి కేంద్రస్థానం. ఇస్రో భువన్ పోర్టల్ 2009లో వచ్చింది. తెలుగునాట కూర్చుని చేయగలిగిన పని ఇది. అయినా తెలుగులో దీని మీద రాత దాదాపు లేదు. జాగ్రఫీ చదివే డిగ్రీ విద్యార్థికి సొంత మండలాన్ని ఉపగ్రహ చిత్రంలో చదవడం నేర్పే పాఠం ఒక్కటైనా ఉండవలసింది.

రహస్యం మాటేమిటి? 2005 అక్టోబరులో హైదరాబాదులో పోలీసు అధికారులతో మాట్లాడుతూ రాష్ట్రపతి అబ్దుల్ కలాం గూగుల్ ఎర్త్ చిత్రాల వల్ల భద్రతకు ముప్పు ఉందని ఆందోళన వెలిబుచ్చారు. ఆ ఆందోళన నిరాధారం కాదు. కానీ దాచే ప్రయత్నం కొన్నిసార్లు వేలెత్తి చూపినట్టే అవుతుంది. నెదర్లాండ్స్‌లోని వోల్కెల్ వైమానిక స్థావరాన్ని చిత్రాల్లో రంగుల ముక్కలతో కప్పేశారు. చుట్టూ పొలాలన్నీ స్పష్టంగా ఉండి అది ఒక్కటే ముక్కలుగా కనబడేసరికి దాని చోటు అందరికీ తెలిసిపోయింది. మన దేశంలో 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో పటాల తయారీ మీద ఆంక్షలు చాలా సడలాయి. ప్రయాణికులు విమానంలో ఫొటోలు తీసుకోవచ్చని పౌర విమానయాన డైరెక్టరేట్ 2020లో మరోసారి స్పష్టం చేసింది, రక్షణ శాఖ విమానాశ్రయాలను మినహాయించి. 2025 మేలో పశ్చిమ సరిహద్దు వైపు రక్షణ విమానాశ్రయాల్లో 10 వేల అడుగుల ఎత్తు దాకా కిటికీ తెరలు దించి ఉంచాలని ఆదేశించింది. ఉద్దానం ప్రయాణికుడికి రక్షణ విమానాశ్రయాల సంగతి దగ్గరి విషయం: అతను ఎక్కే విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, దిగే పోర్ట్‌బ్లెయిర్ కూడా అంతే. అక్కడ కెమెరా లోపల పెట్టడం చట్టం. 2001లో గ్రీసులోని కలమాటాలో విమానాలు చూడడానికి వెళ్ళిన బ్రిటిష్ సరదారాయుళ్ళను గూఢచారులని అరెస్టు చేశారు. శిక్ష రద్దు కావడానికి ఏడాది పట్టింది. ఉపగ్రహం రోజూ చూస్తున్న చోటును కిటికీలోంచి ఒక కూలీ ఫొటో తీస్తే ఏం పోతుందన్న వాదన సబబుగానే తోస్తుంది. అయితే ఉపగ్రహానికి కనబడనిది నేల మీది ఫొటోలో ఉంటుంది: హాంగరు లోపలి విమానం, దాని నంబరు, పని చేస్తున్న మనుషుల ముఖాలు. గీత గీయవలసింది అక్కడ. అది గీస్తే మిగిలినదంతా స్వేచ్ఛగా చదవనివ్వడమే మేలు.

ఇప్పుడు ఫొటోలో నేలను చదివే ఈ పని ఉద్దానం గుమ్మంలోకి వచ్చింది. మందస, వజ్రపుకొత్తూరు మండలాల మధ్య విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన ముందుకు సాగుతోంది. కేంద్రంలో పౌర విమానయాన శాఖను చూస్తున్న కింజరాపు రామ్మోహన్ నాయుడుది ఇదే జిల్లా. జీడితోటలు, కొబ్బరితోటలు పోతాయని రైతులు అభ్యంతరం చెబుతున్నారు. కట్టాలా వద్దా అన్నది వేరే చర్చ, అది జరగవలసిన చోట జరుగుతుంది. కట్టినా కట్టకపోయినా ఆ నేల ఇప్పుడెలా ఉందో నమోదు కావలసిన అవసరం మాత్రం ఉంది. పరిహారం లెక్కలో ఎకరాకు ఎన్ని చెట్లు, ఎంత వయసు, గెడ్డ ఎటు పారేది అన్న ప్రశ్నలు వస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరాన్ని దాటినప్పుడు కూలిన కొబ్బరి, జీడిచెట్ల లెక్క తేల్చేటప్పుడు పాత ఫొటోల విలువ ఇక్కడివాళ్ళకు తెలిసింది.

పైనుంచి తీసిన రికార్డు కొంత సిద్ధంగానే ఉంది. 1995లో రహస్య ముద్ర తీసేసిన కరోనా ఫిల్ములో మన దేశంలోని చాలా ప్రాంతాలు ఉన్నాయి; అమెరికా జియలాజికల్ సర్వే దగ్గర వెదకవచ్చు. 1972 నుంచి లాండ్‌శాట్, 2015 నుంచి సెంటినెల్. లేనిది నేల మీద నిలబడి తీసినది. దానికి ఉద్దానంలో దేవుడిచ్చిన కొలబద్ద ఉంది: 1,501 మీటర్ల మహేంద్రగిరి. మందసలో నిలబడితే ఆ కొండ వాయవ్యంలో ఉంటుంది. పలాస నుంచి దాదాపు సూటిగా ఉత్తరాన. ఇచ్ఛాపురం నుంచి పడమరకు, కొంచెం నైరుతి వైపు. ఫొటోలో ఒక మూల మహేంద్రగిరి, ఒక చెట్టు నీడ, తీసిన తేదీ, వేళ ఉంటే చాలు, తీసినవాళ్ళు ఎక్కడ నిలబడ్డారో పటం మీద గీత గీసి చెప్పవచ్చు. ఫోనులో దిక్సూచి, సమయం రెండూ ఉన్నాయి. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా కాక డాక్యుమెంటుగా పంపితే ఆ వివరాలు చెరిగిపోవు. పంచాయతీ ఆఫీసులోనో హైస్కూలు కంప్యూటరులోనో సర్వే నంబరు, ఊరి పేరు వేసి దాచిపెట్టడానికి ఒక ఫోల్డరు చాలు.